పిండిచేతుల కోడలు

"బతికే ఉన్నాడే కోడలుపిల్లా! నీ మొగుడు నిక్షేపంలా బతికే ఉన్నాడు!"

కేక వినిపించిన మరుక్షణం కిటికీలోంచి ఒక గోరువంక దూసుకొచ్చింది. రెక్కలు అదుపు తప్పి, తిన్నగా వచ్చి అట్లపిండి బానలో పడింది.

వకుళ రెండు చేతులూ మోచేతుల దాకా ఆ బానలోనే ఉన్నాయి. సౌగంధిక రాజ్యపు చిన్నకోడలు వంటశాల గడప తొక్కకూడదని అంతఃపురం కట్టడి. అయినా, పెళ్లయిన అయిదోనాడు కళ్లెదుటే మాయమైపోయిన మొగుడు క్షేమంగా తిరిగి రావాలని ఆమె అమ్మవారికి నూటొక్క అట్లు మొక్కుకుంది. మొక్కు పరాయి చేత్తో తీరుతుందా? అందుకే తెల్లవారుతూనే దాసీల కళ్లుగప్పి వచ్చి పిండి కలుపుతోంది.

గోరువంకను రెండు చేతులా పైకెత్తింది. దాని పేరు వస. రాజుగారి తల్లి ఒడిలో పెరిగిన పిట్ట కాబట్టి మాటా, మందలింపూ, ఆయాసం కూడా ముసలమ్మ తీరే. పదకొండు రోజుల క్రితం ఏనుగంత గుడ్లగూబ ఒకటి మేడ మీది నుంచి రాజకుమారుడు చిత్రబాహుణ్ణి తన్నుకుపోతుంటే, వెంటబడి ఎగిరిన ప్రాణి అదొక్కటే.

"ఎక్కడున్నారే? చెప్పవే!"

"ముందు నా ముక్కులో పిండి తుడవ్వే తల్లీ, ఊపిరాడ్డం లేదు."

వకుళ పైటచెంగుతో తుడిచింది. వస రెండు తుమ్ములు తుమ్మి మొదలుపెట్టింది.

"ఉత్తర సముద్రం అవతల శ్వేతద్వీపమని ఉంది. ఆ గుడ్లగూబ పిట్ట కాదు, ఘూకాక్షుడనే మాంత్రికుడని అక్కడి పిట్టలు చెప్పాయి. ఆ ద్వీపాన్ని ఏలే రాణమ్మ ముఖం దొంగిలించి, తన ముఖానికి తగిలించుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. దొంగ ముఖం ఊడిపోకుండా ఉండాలంటే ఒక రాజకుమారుణ్ణి రాయి చెయ్యాలట. అందుకే మనవాణ్ణి ఎత్తుకుపోయాడు. రొట్టెలు దాచే గది గుమ్మం ముందు నిలబెట్టాడు. ఒళ్లంతా రాయే. కళ్లలో మాత్రం తడి ఉంది. నేను భుజమ్మీద వాలి నీ పేరు చెబితే ఆ తడి బొట్టయి జారింది. వచ్చే తొలికోత పండుగ దాటిందా, ఆ తడి కూడా ఆరిపోతుందట. త్వరగా కదులు!"

వకుళ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. గోరువంక నెత్తిన ముద్దు పెట్టి మళ్లీ పిండి అంటించింది. ఆరు నెలల క్రితం మారువేషంలో తిరుగుతూ తమ పూటకూళ్ల ఇంటికి వచ్చిన బాటసారి పదకొండు అట్లు తిని, పన్నెండో అట్టూ, ఇంటి పిల్లా రెండూ కావాలని అడిగిన సంగతి గుర్తొచ్చింది. అంతఃపురంలో పెద్ద తోడికోడళ్లు చాటుగా తనను "పిండిచేతుల కోడలు" అని నవ్వుకుంటుంటే, "ఆ చేతుల వాసన చూసే కదా చేసుకున్నాను" అని అందరి ముందూ అన్న మనిషి. ఆయన ఉన్నాడు! రాయైతేనేం, ఉన్నాడు!

రాజుగారికి చెబితే సేన కదలాలి, ముహూర్తం చూడాలి, ఓడలు కట్టాలి. పండుగకు నలభై రోజులే గడువు. అందుకని వకుళ ఎవరికీ చెప్పలేదు. మగవేషం వేసి, జుట్టు తలపాగాలోకి ముడిచింది. నగలు మూటగట్టింది. అన్నిటికన్నా ముందు తోడు ముంత చంకన పెట్టుకుంది.

వాళ్ల ఇంట ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పసుపుకుంకాలతో పాటు తోడు ముంత ఇస్తారు. అందులో గుప్పెడు పులిసిన పిండి ఉంటుంది. రుబ్బిన కొత్త పిండిలో అది కలిపితే పొంగుతుంది. పొంగిన దాంట్లోంచి మళ్లీ గుప్పెడు తీసి ముంతలో దాచుకోవాలి. ఏడు తరాలుగా ఆ పులుపు తెగలేదు. తల్లి నాగులమ్మ ముంత చేతికిస్తూ ఒక్కటే చెప్పింది. "తోడు అడిగినవాళ్లకు లేదనకు తల్లీ. నలుగురికీ పెడితేనే అది బతుకుతుంది."

గోరువంక దారి చూపగా వకుళ మూడు రోజుల్లో రాజ్యం పొలిమేర దాటి దావాగ్నివనంలో అడుగుపెట్టింది. అక్కడి చెట్లకు ఆకులుండవు, మంటలుంటాయి. ఆ వెలుతురులో కొండొకటి కదిలి లేచి నిలబడింది. చూస్తే అది కొండ కాదు, రాక్షసుడు. తాటిదూలాల్లాంటి వేళ్లతో వకుళను నడుం పట్టి పైకెత్తాడు.

"నిన్ను నమిలేస్తాను!"

"పచ్చిగానా?" అంది వకుళ, జాలిగా. "ఉప్పు లేదు, కారం లేదు, వేడి లేదు. పుట్టి ఇన్నేళ్లయింది, నీకు వండిపెట్టినవాళ్లే లేరా నాయనా?"

రాక్షసుడు తెల్లబోయాడు. ఆ మాట వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అడవిలో మంటకు కొదవా? పొలిమేర పల్లెలో కొన్న బియ్యం, మినుములు వాడే బండల మధ్య నూరాడు. ముంతలో తోడు కలిపి, మండే చెట్ల పక్కన ఒక పూట ఉంచితే పిండి బుసబుసా పొంగింది. చదునుబండ కాల్చి వకుళ అట్లు పోయడం మొదలుపెట్టింది. వాడు రెండు వందల పద్దెనిమిది తిన్నాడు. తర్వాత లెక్క తప్పింది. చివరికి చేతులు నాక్కుంటూ చంటిపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అమ్మా, నీకేమివ్వను?" అని జటల్లోంచి ఎండిన ఆకు ఒకటి తీశాడు. "ఇది మూలపత్రం. ఎడమ బుగ్గన పెట్టుకుంటే ఏ దేశపు భాషైనా నీకు తెలుస్తుంది, నీ మాట వాళ్లకీ తెలుస్తుంది. కుడి బుగ్గకు తోస్తే వట్టి శబ్దమే వినిపిస్తుంది. ఒకటే చిక్కు. జనం నోట అరిగిపోయిన పాతమాటలకు ఈ ఆకు కొత్త అర్థం చెప్పదు. ఆ మాట పుట్టినప్పుడు ఏమని పుట్టిందో అదే చెబుతుంది. జాగ్రత్త, మింగావో కప్పవైపోతావు!"

తర్వాత ఓడ. మిరియాల వర్తకుడినని చెప్పి వకుళ ఎక్కింది. పన్నెండోనాడు నడిసముద్రంలో సుడిగుండం నోరు తెరిచింది. ఓడ గానుగెద్దులా గిరగిరా తిరుగుతుంటే సరంగు గొంతు చించుకున్నాడు.

"బరువంతా పారెయ్యండి! తేలికైతేనే తేలతాం!"

వకుళ మూట విప్పి కాసులపేరు విసిరింది. వడ్డాణం విసిరింది. అత్తగారు పెట్టిన రవ్వల గాజులు, కంటె, కడియాలు ఒక్కొక్కటే నీళ్లలో మెరిసి మునిగాయి.

"ఆ మట్టిముంత కూడానయ్యా!"

"ఇది బరువు కాదు, ఆసరా" అని ముంతను గుండెకు అదుముకుని కూర్చుంది. ఓడ ఒక్క ఊపుతో సుడి అంచు మీదికెక్కి, విల్లు విడిచిన బాణంలా ఉత్తరానికి దూసుకుపోయింది.

పండుగకు సరిగ్గా ఒక్కరోజు ముందు, పొద్దు బారెడెక్కిన వేళ, మంచుతెర చీలి శ్వేతద్వీపం కనిపించింది. ఒడ్డు పొడవునా పాలమీగడ కత్తితో కోసినట్టు తెల్లటి కొండచరియలు. వాటి మీద పచ్చటి పచ్చిక, పచ్చిక మీద పసుపు చుక్కల పూలు. అన్నిటికీ పైన, మబ్బుల్లోకి బురుజులు గుచ్చి నిలబడ్డ రాతికోట. దాని గోడల మీద సూర్యకిరణాలు పడి వంద రంగులుగా చిట్లుతున్నాయి. ఇన్ని ఆపదలు దాటి వచ్చిన వకుళకు ఆ క్షణంలో ఒకటే అనిపించింది. ఆయన పక్కనుండి ఇది చూస్తే ఎంత బాగుండును!

ఆకు ఎడమ బుగ్గన పెట్టుకుని కోట వాకిట్లోకి అడుగుపెట్టిందో లేదో, ద్వారపాలకుడి కేక చెవిన పడింది.

"ఓరి రొట్టె తినేవాళ్లారా! గాలికన్నులు తెరవండి!"

పదిమంది నౌకర్లు పరుగెత్తి కిటికీలు తెరిచారు. సముద్రపుగాలి రివ్వున లోపలికి దూరింది.

వకుళ ముఖం విప్పారింది. "విన్నావే వసా? వీళ్లకు కిటికీ అంటే గాలికన్నట! ఈ మాట పుట్టించిన నోట్లో తేనె పొయ్య!"

"మనకు మాత్రం లేదా ఏమిటి? గవాక్షమంటే ఆవుకన్ను కాదూ" అని గోరువంక తల ఎగరేసింది. "వాళ్లది గాలి, మనది గోవు. ఇంటికి కళ్లుండాలని ఇద్దరికీ తోచింది. సరే, దారి చూసుకుని నడు."

ఇంతలో మళ్లీ కేక. "పక్కకు జరగండి! పిండి పిసికే అమ్మ వస్తోంది!"

వంటమనిషి కాబోలనుకుని వకుళ పక్కకు జరిగింది. వచ్చింది వంటమనిషి కాదు. తలమీద వజ్రకిరీటం, నేల మీద పన్నెండు మూరలు ఈడ్చే పట్టువస్త్రం, పది వేళ్లకూ జానెడేసి ఎర్రటి గోళ్లు. ముఖం చందమామలాంటి నడివయసు రాణిదే. రెప్పలు మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. పట్టపగటి వెలుతురుకు గుండ్రటి కళ్లు సగం మూసుకుని, పసుపురంగున మెరిశాయి. ఘూకాక్షుడు!

వకుళ ఆకును కుడి బుగ్గకు తోసి విన్నది. జనం వంగి వంగి "లేడీ! లేడీ!" అంటున్నారు.

"లేడంటారేమిటే వీళ్లు? ఉన్నాడుగా!" అని వస కంగారుపడింది.

"ఉష్! అది ఆవిడ బిరుదు." ఆకును మళ్లీ ఎడమకు తెచ్చింది. 'పిండి పిసికే అమ్మా!' వకుళ తనలో తను గొణుక్కుంది. "ఇంతేసి గోళ్లేసుకుని పిండెలా పిసుకుతుంది? చీల్చుకుపోదూ?"

ఊరేగింపు దాటిపోగానే గోరువంక ఆమెను కోట వెనకకు తీసుకుపోయింది. రొట్టెల గది గుమ్మం. పక్కన శూలం పట్టుకుని నిలబడ్డ రాతిబొమ్మ. వకుళ దాని దగ్గరికి నడిచింది. ఆ చేతి కంకణం కూడా రాయే. దాని ముడి మాత్రం ఎడంపక్కకు ఒరిగి ఉంది. కంకణం కట్టేటప్పుడు ఆయన చెవిలో ఏదో అంటే నవ్వాపుకోలేక తను వంకరగా వేసిన ముడి. పురోహితుడు కోప్పడ్డా విప్పనివ్వలేదాయన.

వకుళ చల్లటి బుగ్గ మీద చెయ్యి వేసింది. రాతికంట ఒక బొట్టు ఊరి, ఆమె వేలి మీదికి జారింది.

"రేపు పొద్దుగూకే వరకే" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఎవరో ముసలమ్మ. పెద్ద రొట్టెపొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి చల్లారి బూజు పట్టింది. ముసలమ్మ రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"ఎవరు నువ్వు? ఆ బొమ్మకోసం ఏడ్చినవాళ్లను ఇంతవరకూ చూడలేదు."

"మా ఆయనండీ" అంది వకుళ, తన మగవేషం సంగతి మరిచిపోయి.

ముసలమ్మ పెదవుల మీద నవ్వు మెదిలింది. పళ్లతో గుడ్డలు లాగి పడేసింది. మణికట్టు కింద రెండు చేతులూ రాయి.

"నా పేరు ఎల్విన. ఈ ద్వీపానికి లేడీని నేనే. నా ముఖం వాడు పెట్టుకుని, ఈ ముసలిముఖం నాకు తగిలించాడు. ముఖం పోయినా నా చేతులు చూసి జనం గుర్తుపడతారని వాటినీ రాయి చేశాడు."

"చేతులు చూసి రాణిని గుర్తుపడతారా?" అని వకుళ ఆశ్చర్యపోయింది. "అమ్మా, ఇందాకటి నుంచీ అడగాలనుంది. మీ నౌకర్లు మిమ్మల్ని పిండి పిసికే అమ్మ అంటారెందుకు?"

ఎల్విన కళ్లు పెద్దవయ్యాయి. "నీకలా వినిపించిందా? ఆ అర్థం ఇక్కడ ముసలివాళ్లకే గుర్తులేదే! లేడీ అన్నది అరిగిపోయిన మాటమ్మాయ్. పాతకాలంలో మా వాళ్లు రొట్టెను హ్లాఫ్ అనేవారు. పిండి పిసికే ఆవిడను హ్లాఫ్‌డీగే అనేవారు. నోళ్లలో నానీ నానీ, ముందు అరిగి, మధ్యలో జారి, లేడీ అయి కూర్చుంది. దాని జంట మాట లార్డ్. అంటే దొర. అది హ్లాఫ్‌వార్డ్. రొట్టెకు కాపలా ఉండేవాడని."

"రాజంటే కాపలావాడా!"

"మరేమనుకున్నావు? మొదట ఈ దీవికి వచ్చినవాళ్లకు సింహాసనం లేదు, కిరీటం లేదు. పన్నెండు మంది, ఒక బస్తా పిండి, ఎనిమిది నెలల చలికాలం. ఒకావిడ కూర్చుని అందరికీ సరిపోయేలా పిండి పిసికింది. ఆమె మొగుడు తోడేళ్లు రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రొట్టె తిన్నవాళ్లంతా వాళ్ల మనుషులయ్యారు. పెత్తనం అట్లా పుట్టింది. కత్తితో కాదు, పిండితో."

 వకుళ తన అరచేతులు తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని తెల్లటి గీత. అత్తవారింట ముసిముసి నవ్వులకు కారణమైన గీత. సప్తసముద్రాల అవతల ఒక జాతి జాతంతా అదే మాటను కిరీటం చేసి ఆడదాని నెత్తిన పెట్టింది! లోపల ఏదో నురగలా పొంగుకొచ్చి, పకపకా నవ్వింది. ఏ పండితుడూ లేకుండా, ఆకలీ చలీ కలిసి చేసిన ఇంత చక్కటి మాటకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

"ఏమిటమ్మాయ్, పిచ్చిగాని పట్టిందా?"

"పట్టిందమ్మా. మా వాళ్లు నన్ను పిండిచేతులదంటారు. మీ భాషలో అయితే అందరూ లేచి నిలబడాలన్నమాట!"

ఎల్విన కూడా నవ్వింది. వెంటనే గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. తొలికోత పండుగ నాడు లేడీ కొత్త గోధుమపిండిని సభలో తన చేత్తో పిసకాలి. ఆ రొట్టెలో మొదటి ముక్క ఎవరి పెదవికి తాకిస్తే వారి సంకెల తెగుతుంది. ఇనపసంకెలైనా సరే, మంత్రసంకెలైనా సరే. ఇంకెవరైనా "నేనూ పిసుకుతాను" అని పిండిచేత్తో సభ గుమ్మం మీద ముద్ర వేస్తే కాదనే హక్కు ఎవరికీ లేదు. ఒకే తోడుతో ఇద్దరూ పిసకాలి. మధ్యాహ్నానికి ఎవరి పిండి పొంగితే వారే లేడీ. ఓడినవారి మంత్రాలు వారికే తగులుతాయి.

"ఇంకేం! నేను ముద్ర వేస్తాను."

"తోడేదమ్మాయ్? మా పొయ్యిలో వెయ్యేళ్లుగా బతికిన పులిసిన పిండిని వాడు మరిగే నీళ్లు పోసి చంపేశాడు. తోడు లేదు కాబట్టి పండుగ లేదని చాటించాడు. ఇల్లిల్లూ రొట్టె అట్టలా గట్టిపడి మూడు నెలలైంది."

వకుళ తోడు ముంత తీసి మూత విప్పింది.  పిండి చదునుగా, చలనం లేకుండా పడి ఉంది. ఉప్పుగాలికి చచ్చిపోయిందా?

గబగబా గుప్పెడు గోధుమపిండి వేసింది. గోరువెచ్చటి నీళ్లు చిలకరించింది. చేత్తో కలిపింది. గరిటెతో కలిపితే పొంగదు, చేతి వెచ్చన తగలాలని అమ్మ చెప్పేది. ముంతను ఒళ్లో పెట్టుకుని ఇద్దరూ, వాళ్ల మధ్య గోరువంకా, ఊపిరి బిగబట్టి చూశారు. ఎంతకీ ఏమీ లేదు. వకుళ మొగుడి వైపు చూసింది. అప్పుడు పిండి మీద ఆవగింజంత బుడగ ఒకటి లేచి, టప్పున పగిలింది. పక్కనే మరొకటి. మరో రెండు.

"బతికే ఉందే కోడలుపిల్లా!" అని వస గెంతింది.

పులుపు వాసన గాలికన్నుల్లోంచి వీధిలోకి పాకింది. మూడు నెలలుగా ఆ వాసన ఎరగని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ముందొక చాకలావిడ కొంగు చాపింది. "అమ్మా, పిల్లలు గట్టి రొట్టె కొరకలేకపోతున్నారు. చెంచాడు తోడు పెడతావా?"

"పెట్టకు!" అంది ఎల్విన. "ఉన్నదే గుప్పెడు. రేపటికి మిగలాలి."

వకుళ ఒక్క క్షణం తటపటాయించింది. ఆ గుప్పెట్లోనే మొగుడి ప్రాణం ఉంది. కానీ తోడు అడిగితే లేదనడం ఆమె నాలుకకు చేతకాదు. చెంచాడు తీసి పెట్టింది. తర్వాత జాలరి ఇంటామెకు, కుమ్మరావిడకు, కావలివాడి చెల్లెలికి... పదిహేడు మందికి పెట్టేసరికి ముంత అడుగున పిడికెడు కూడా లేదు. దాన్ని పట్టుకుని సభకు నడిచింది.

పొద్దు వాలుతోంది. సభామండపంలో వెయ్యి మంది ఉన్నారు. వకుళ తలపాగా లాగి పడేసింది. జడ నడుం దాటి జారింది. పిండిలో ముంచిన అరచేతిని గుమ్మం మీద ఫెడీల్మని కొట్టింది. తెల్లటి ముద్ర పడింది.

"రేపు నేనూ పిసుకుతాను!"

 సింహాసనం మీది దొంగరాణి పసుపుకళ్లు ఆమె మీదికి తిరిగాయి.

"ఎవర్తివే నువ్వు?"

"పూటకూళ్ల ఇంటి పిల్లనండి. ఆ గుమ్మంలో రాయైన ఆయనకు పెళ్లాన్ని."

"నగ లేదు, నాణ్యం లేదు, నాతో పోటీయా!" అని దొంగరాణి పది గోళ్లూ చాచి గర్జించింది. "నేను లేడీని! పిండి పిసకడం నావంటిదాని పనా?"

వకుళ చెవికి అది ఇలా వినిపించింది: 'నేను పిండి పిసికే అమ్మను! పిండి పిసకడం నావంటిదాని పనా?' ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, చెప్పులు కుట్టేవాడు తోలు ముట్టనన్నట్టుంది! ఆ ముఖం దొంగిలించినప్పుడు ముఖంతో పాటు వచ్చే పని కూడా అడిగి తెలుసుకోవాల్సింది."

వెనక వరసలో ఒక ముసలి జాలరి లేచాడు. "నిజమే! మా అవ్వ చెప్పేది. పండుగనాడు లేడీ చేతులకు ఉంగరం కూడా ఉండదనేది. ఈ గోళ్లేమిటి?" సభ అంతా గొణుగుడు పుట్టింది.

ఘూకాక్షుడి కళ్లు ముంత మీద పడ్డాయి. గొంతులో తేనె పోసుకుని అన్నాడు. "పోటీకి నేను సిద్ధమే. తోడు ఇద్దరికీ ఒకటే కదా? ఏదీ, ఇలా తీసుకురండి."

భటుడొకడు వకుళ చేతిలోంచి ముంత లాక్కుని అందించాడు. మాంత్రికుడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, నవ్వి, పాలరాతి మెట్ల మీద విసిరికొట్టాడు. ఏడు తరాల ముంత వెయ్యి పెంకులైంది. మిగిలిన కాస్త పిండినీ చెప్పుకాలితో రాశాడు. కాలికింద నేల భగ్గున మండి బూడిద మిగిలింది.

"అయ్యో, జారిందే! తోడు లేదు, పోటీ లేదు."

వకుళ వంగి పెంకులు ఏరబోయింది. 

అప్పుడు జనంలోంచి చాకలావిడ ముందుకొచ్చింది. కొంగున దాచిన గిన్నె పైకెత్తింది. "నా దగ్గర చెంచాడుందమ్మా. ఇప్పటికే గిన్నె పొంగింది."

"మా ఇంట్లోనూ ఉంది" అంది జాలరి ఇంటామె.

"నా దగ్గరా ఉంది. మా వదినకు కూడా పెట్టాను" అంది కుమ్మరావిడ.

ఒకరి వెనక ఒకరు గిన్నెలు, చిప్పలు, మూకుళ్లు పైకెత్తారు. పదిహేడు అనుకున్నవి నలభై దాటాయి. పుల్లటి వాసన మండపమంతా నిండింది. దొంగరాణి ముక్కు మూసుకుని సింహాసనం వెనక్కి జరిగింది. చెంప మీద రాణి చర్మం అంచు కొద్దిగా లేచి, దాని కింద బూడిదరంగు ఈక ఒకటి కనిపించింది.

నాగులమ్మ మాట వకుళ చెవిలో మోగింది. కళ్లు తుడుచుకుని, మెట్ల మీద నిటారుగా నిలబడి, వెయ్యి మందికీ వినపడేలా చెప్పింది.

"రేపు తెల్లవారగానే పెద్దపొయ్యి వెలిగించండి. తలా ఒక చెంచా తోడు తెండి. ఇద్దరం మీ అందరి ముందూ కూర్చుంటాం. మధ్యాహ్నానికి పిండే తీర్పు చెబుతుంది. నేను ఓడితే ఆయన పక్కనే రాయినై నిలబడతాను, అదీ నాకు సుఖమే. గెలిస్తే మాత్రం మొదటి ముక్క ఎవరికో ముందే చెబుతున్నాను. రొట్టెకు కాపలా మనిషిని వెతక్కండి. మా ఆయన ఇప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు."